బద్లీ పేరు

గడిచిన వారం నవతను మనం ఆటోలో వదిలి వచ్చాం. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట ఎండలో, అడాజన్‌లోని తన గది నుంచి డిండోలికి, ఒళ్లో లాప్‌టాప్ తెరిచి పెట్టుకుని బయలుదేరింది. సూరత్ తెలుగు సమాజం కోసం ఏడాదిగా ఆమె తీరిక వేళల్లో తయారుచేసిన పెళ్లి సంబంధాల వెబ్‌సైటుకు ఆ ఉదయం పది గంటలకు ఒక కొత్త సదుపాయం జతపడింది. పన్నెండు కాకముందే అది ఒక సంబంధాన్ని రద్దు చేసింది. ఆ సంబంధం ప్రసన్నది. మున్సిపల్ తెలుగు బడిలో పదేళ్లు నవత పక్కనే కూర్చున్న ప్రసన్నది. గురువారం వరపూజ.

కొత్త సదుపాయం అడిగింది సమాజం అధ్యక్షుడు చలపతి గారు. నిరుడు ఇద్దరు పిల్లల తండ్రి ఒకడు బ్రహ్మచారినని వెబ్‌సైటులో పేరు రాయించుకుని ఒక ఇంట్లో పెళ్లిచూపుల దాకా వెళ్లాడు. అప్పటినుంచి ఆయన ఒకటే పట్టు. ప్రతి పేరు పక్కనా ఆకుపచ్చ టిక్కు ఉండాలి, ఆ టిక్కు చూసి ఆడపిల్లల తల్లిదండ్రులు నిశ్చింతగా ఉండాలి. అంత పని నవత సొంతంగా చేయలేదు. ఎవరూ చేయరు కూడా. బజార్లో తాళం కొని తలుపుకు బిగించినట్టు, బెంగళూరులో ఉన్న ఒక కంపెనీ సేవను తెచ్చి బిగించింది. మనిషి తన గుర్తింపు కార్డు నంబరు కొడతాడు. ఫోనుకు ఓటీపీ వస్తుంది. అది సరిపోగానే కంపెనీ సర్వరు ఆ కార్డులో ఉన్న పేరును తెచ్చి నవత సర్వరు చేతిలో పెడుతుంది. వెబ్‌సైటు పాత పేరు తీసేసి కార్డు పేరు పెట్టి, పక్కన టిక్కు వేస్తుంది.

మెసేజీలు పంపే సేవ ఇంకో కంపెనీది. అది ముందునుంచీ ఉంది. ఒకరి వివరాల్లో మార్పు వస్తే వాళ్లతో సంబంధం మాట్లాడుకుంటున్న ఇంటివారికి, సమాజం పెద్దలకు కబురు పంపుతుంది. ఇక మూడోది నవత స్వయంగా రాసిన నియమం. ఇద్దరిదీ ఒకే ఇంటిపేరైతే అన్నాచెల్లెళ్ల వరస, ఆ సంబంధం అక్కడితో మూసేయాలి. పెద్దలు బల్ల గుద్ది రాయించారు.

మూడూ విడివిడిగా మంచివే. మూడూ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుంటే ఏమవుతుందో నవత చూసుకోలేదు. పరీక్ష చేసుకోవడానికి కంపెనీ ఇచ్చిన పది ఉత్తుత్తి పేర్లలో వేములలు, ఆడెపులు ఎవరూ లేరు. నియమానికి నిద్ర లేచే అవసరమే రాలేదు.

ఇవాళ లేచింది. ప్రసన్న తన కార్డు నంబరు కొట్టింది. "వేముల ప్రసన్న, తండ్రి సోమలింగం" అని రెండు నెలలుగా ఉన్నచోట "ఆడెపు ప్రసన్న రాజేశం" అని పడింది. గుజరాత్ కాగితాల పద్ధతి అది. ముందు ఇంటిపేరు, తర్వాత తన పేరు, చివర తండ్రి పేరు. పెళ్లయిన ఆడదైతే భర్త పేరు. అమ్రోలిలో ఉన్న పెళ్లికొడుకు సుమన్‌ది ఆడెపు వారి ఇల్లు. ఇక చెప్పేదేముంది? "మీరు చూస్తున్న సంబంధం ఒకే ఇంటిపేరు వారిది కనుక రద్దు చేయబడినది" అని, కింద ఆ కొత్త పేరు, వయసుతో సహా అందరి ఫోన్లకూ వెళ్లిపోయింది. అదీ ఒక్కసారి కాదు. "అందింది" అని నవత సర్వరు జవాబు చెప్పడం ఆలస్యమైంది. అందలేదేమోనని కంపెనీ సర్వరు అదే కబురు మళ్లీ చెప్పింది. ఆ తర్వాత మళ్లీ చెప్పింది. మూడుసార్లూ ఇది కొత్త కబురే అనుకుని వెబ్‌సైటు మూడుసార్లూ మెసేజీలు పంపింది.

ఆటో తాపీ నది వంతెన దాటేలోపు నవత మెసేజీల సేవను ఆపింది. నియమాన్నీ ఆపింది. పోయిన మాటను వెనక్కి తెచ్చే మీట మాత్రం ఎక్కడా లేదు. ఆటో అతను అద్దంలో ఆమెను రెండుసార్లు చూసి, ఎండ పడే వైపు కట్టి ఉన్న టార్పాలిన్ తెర విప్పి కిందికి వదిలాడు. స్క్రీన్ మీద అక్షరాలు కనబడసాగాయి.

చలపతి గారు ఫోన్ చేశారు.

"నవతా, ఏంటమ్మా ఇది? నాకు మూడు, మన కమిటీలో ఉషాదేవికి మూడు. ఎవరిదో సంబంధం చెడిందని ఆవిడ పూజ మధ్యలోంచి లేచి వచ్చేసింది."

"ఆపేశాను సార్. ఇక రావు."

"సరే. టిక్కు కావాలని అడిగింది నేనే కాబట్టి నీ మీద ఎగరడానికి నాకు నోరు లేదు. కానీ దశరథం గారు ఫోన్ ఎత్తడం లేదమ్మా. అదే కొంచెం భయంగా ఉంది."

దశరథం సుమన్ తండ్రి.

---

సోమలింగం ఇల్లు రెండు గదులు. ముందు గదిలో సగం మేర చీరలు పరిచి ఉన్నాయి. ప్రసన్న తల్లి భాగీరథి వాటి వెనకవైపు వేలాడే దారాలు కత్తిరించే పని ఇంటికి తెచ్చుకుంటుంది. ఇవాళ కత్తెర కింద పెట్టి, చీరల పక్కనే మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. నవత గడపలో చెప్పులు విడుస్తుండగానే మొదలుపెట్టింది.

"రావే, రా. గొప్ప పని చేసినవ్. ఇగ కూసో, బువ్వ గిట్ల పెడ్త."

"చిన్నమ్మా..."

"ఏం చిన్నమ్మ? సమాజంల ఉన్న కోమలమ్మ ఇంట్ల నుంచి మెసేజ్ జూసి వచ్చి అడుగుతున్నరు. నీ బిడ్డకు ఇంతకుముందే లగ్గమైందా, ఆ రాజేశం ఎవలు అని! నా బిడ్డ మొఖం మీదనే అడిగిండ్రు."

లోపలి గది గుమ్మంలో ప్రసన్న నిలబడి ఉంది. ల్యాబ్‌లో వేసుకునే తెల్లకోటు ఇంకా విప్పలేదు. డ్యూటీ మధ్యలో వచ్చేసినట్టుంది. ఏడ్చిన జాడ లేదు. నవతను చూసి మూలనున్న స్టూలు ఆమె వైపు కాలితో జరిపింది. అంత కోపంలోనూ జరిపింది.

"చిన్నమ్మా, జర ఇను. తప్పు ఆ కంపెనీది అయ్యుంటది. ఎవలిదో రికార్డు తీసుకొచ్చి మనదాంట్ల పెట్టింది. ప్రసన్నా, నీ కార్డు ఒకసారి చూపెట్టు. ఫోటో తీసి వాళ్లకు పంపుత. వాళ్లతోనే రాయించి అందరికీ క్షమాపణ మెసేజ్ పంపిస్త."

ఆటోలో వచ్చినంతసేపూ ఆమె కోరుకున్నది ఇదే. తప్పు బెంగళూరులో ఉండాలి. ఫిర్యాదు రాస్తే సాయంత్రానికల్లా సరిచేసేలా ఉండాలి.

"వాళ్లది తప్పు కాదే," అంది ప్రసన్న. "నా కాగితాలన్నిట్ల గదే పేరు."

నవతకు వెంటనే అర్థం కాలేదు. అప్పుడు ఎందుకో బడి గుర్తొచ్చింది. తరగతిలో ఇద్దరు ప్రసన్నలు ఉండేవారు. హాజరు పిలిచేటప్పుడు టీచరు ఒకరిని ప్రసన్న జి అనేది, ఇంకొకరిని ప్రసన్న ఆర్ అనేది. పదేళ్లు విన్నది. ఆ ఆర్ ఏమిటని ఒక్కనాడూ అడగలేదు.

"మరి వెబ్‌సైట్ల వేముల అని ఎందుకు రాసినవ్?"

"వేములోళ్లం కాబట్టి రాసిన. బాపు పేరు సోమలింగం కాబట్టి సోమలింగం అని రాసిన. ఇంటి పేరు ఇంట్ల, కాగితం పేరు కాగితంల. కాలేజీల, ల్యాబ్‌ల ఆడెపు ప్రసన్న. గల్లీల వేముల సోమలింగం బిడ్డ. గీ సంబంధం వచ్చినప్పుడు నేను నవ్విన గూడ. లగ్గమైనంక పేరు మార్చే పనే లేదు, ముందుగాలనే మారిపోయి ఉన్నది అని." ఆమె గుమ్మానికి ఆనుకుంది. "గింత దూరం పోతదని నాకెట్ల తెలుస్తది?"

"ఎవలా రాజేశం?"

తల్లీ కూతుళ్లిద్దరూ కిటికీ వైపు చూశారు. అక్కడ, గోడకు ఆనించిన నవారు మంచం అంచున సోమలింగం కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్లు దాటిన మనిషి. ముప్పై ఏళ్లు మరమగ్గాల మోతలో నిలబడి పనిచేసినవాడు కనుక ఎవరితోనైనా అరిచినట్టే మాట్లాడతాడు. ఇప్పుడు మాత్రం, వినడానికి నవత ముందుకు వంగవలసి వచ్చింది.

"బద్లీ అంటే ఏందో ఎరికేనా బిడ్డా నీకు?"

"ఒకలు రాకపోతే వాళ్ల జాగల ఇంకొకలు పోవుడు."

"ఆఁ. నేను వచ్చినప్పుడు నాకు ఇరువై రెండేండ్లు. పని దొర్కలే. రాజేశం ఉధ్నాల ఒక కార్ఖానాల ఎనిమిది మగ్గం సాంచాలు నడుపుతుండె. ఆయినకు పానం మంచిగ లేకుంటే నేను బద్లీ పోతుంటి. సాంచ ఆగద్దు, గంతే. రిజిస్టర్ల పేరు మారది, మనిషి మార్తడు. ఓనాడు వచ్చి, సోమలింగం, రేపటి సంది నువ్వే నడుపుకో, నేను రాను అన్నడు. ఎందుకే అంటే చెప్పలే. నేను పోయి నిలబడ్డ. సేఠ్‌కు బట్ట కావాలె గని మొఖంతోని ఏం పని? గుమాస్తా ఆ పేరు అట్లనే ఉంచిండు. సేఠ్ నన్ను ఇయ్యాల్టికీ రాజేశ్‌భాయ్ అనే పిలుస్తడు."

"పేరు మార్చుకోలేదా కాకా?"

"ఎట్ల మార్చుకుంట? ఏడాదికి రేషన్ కార్డుకు పోతే కార్ఖానా చిట్టీ తెమ్మన్నరు. చిట్టీ మీద ఏ పేరుంటది? గదే. రేషన్ కార్డు జూసి ఓటు కార్డు ఇచ్చిండ్రు. ఓటు కార్డు జూసి ఇది పుట్టినప్పుడు పేరు రాసిండ్రు. ఆ కాగితం జూసి బడిల రాసుకున్నరు. బడి కాగితం జూసి గిప్పుడు నువ్వు పెట్టినవే, గా నంబరు కార్డు. ఒక్కలన్న తలకాయెత్తి నా మొఖం జూసి, నువ్వెవలివిరా అని అడగలే. నేను చెప్పలే."

పొద్దున నవత వెబ్‌సైటులోనూ అదే జరిగింది. ముందు ఉన్నది చెప్పిన మాటను వెనక ఉన్నది నమ్మింది. మధ్యలో ఎక్కడా ఎవరూ ఆగి, ఇదేమిటి ఇలా ఉంది అని చూడలేదు.

సోమలింగం లేచి వచ్చి ఆమె ముందు గొంతుకూర్చున్నాడు. అంత పెద్దమనిషి అలా కూర్చోవడంతో నవత కంగారుగా స్టూలు మీంచి కిందికి దిగింది.

"బిడ్డా, ఒక్క పని చెయ్యి. ఆ పేరు తీసెయ్యి. వేముల సోమలింగం అని పెట్టి ఆ పచ్చ నిశానీ పెట్టు. మిషిన్ తప్పు చేసింది, గిప్పుడు దిద్దినం అని ఇంకో మెసేజ్ కొట్టు. నీ చేతిల పనే గద?"

"నా చేతిల పనే," అంది నవత. అబద్ధం చెప్పలేకపోయింది. ఒకే ఒక్క వరుస. అర నిమిషం పని.

"మరి చెయ్యవే!" భాగీరథి ముందుకు జరిగింది. "మీరిద్దరు ఒక్క కంచంల తిన్నరు. దీనికి చెయ్యకపోతే ఎవలికి చేస్తవ్?"

"చిన్నమ్మా, పేరు మీరు రాసినట్టు మళ్ల పెడ్త. అది మీ ఇష్టం, మీ పేరు. టిక్కు పెట్టలేను."

"గింతంత టిక్కు!"

"గింతంత టిక్కు కోసమే గద ఇదంతా చేసింది. ఎనిమిదొందల ఇండ్లోళ్లు ఆ టిక్కు జూసి బిడ్డలనిస్తరు. నా దోస్తుకు ఒకటి చేతితోని పెట్టిన అంటే రేపు ఆ ఇద్దరు పిల్లల తండ్రి వచ్చి నాకూ పెట్టు అంటడు. ఏమని చెప్పాలె?"

"నా బిడ్డను వానితోని జోడిస్తున్నవా?"

"అమ్మా, ఆగు," అంది ప్రసన్న. ఆమె కోటు విప్పి మడతపెట్టి మంచం మీద వేసింది. "అది కరెక్టే చెప్తున్నది. టిక్కు వద్దు. బాపూ, ఏముందని దాచుడు? సుమన్ వాళ్ల బాపుకు ఫోన్ చేసి చెప్పు. బద్లీ పేరు, పేదరికంల అట్లనే నడిచింది అని. ఆయిన గూడ సాంచాల మీద చేసినోడే. ఆయినకు అర్థం కాదా? ఉధ్నాల సగం మందికి గిట్లాంటి పేర్లే ఉంటయ్."

సోమలింగం తల అడ్డంగా ఊపాడు.

"చెప్పు బాపూ. నేను గూడ పక్కన కూసుంట."

"వేరే ఎవని పేరన్న అయితే చెప్పేటోన్ని."

"అంటే?"

పక్కింట్లో ఎవరో కుక్కరు దించిన చప్పుడు వినిపించింది.

"రాజేశం, దశరథం సొంత తమ్ముడు."

భాగీరథి లేచి నిలబడింది. "ఏందీ? ఆడెపోళ్లు సూరత్‌ల వంద ఇండ్లు, వీళ్లు వేరే అంటివి గద నాతోని!"

"అన్న."

"నాకు గూడ అబద్ధమే చెప్పినవా?"

"నీకు చెప్తే నువ్వు ఒప్పుకోకపోదువు. దశరథం వాళ్లు అమ్రోలికి వచ్చి పదిహేనేండ్లాయె. అంతకుముందు సిరిసిల్లల ఉంటుండ్రి. రాజేశం ఇంటికి పోతలేడు, చిట్టీ రాస్తలేడు అని వాళ్లమ్మ ఏడుస్తుంటే ఊరోడు ఒకడు సూరత్‌కు వచ్చి కార్ఖానాల అడిగిండు. నేను ఆ పొద్దు రాత్రి పాళీల ఉన్న. గుమాస్తా రిజిస్టర్ తీసి జూసి, రాజేశం రోజూ వస్తున్నడు, ఒక్క నాగా లేదు, మంచిగున్నడు అని చెప్పి పంపిండు. వాడు పోయి ఆ తల్లికి గదే చెప్పిండు." సోమలింగం నేలకేసి చూస్తూ చెప్పాడు. "గప్పటి సంది ఆమె ఏమనుకుంటున్నదో తెలుసునా? కొడుకు మంచిగనే ఉన్నడు, తల్లి వద్దనుకున్నడు అని. నా హాజరీ ఆమెకు గా మాట చెప్పింది. ఒక్క నాగా లేకుండ చేసిన నేను."

ప్రసన్న వచ్చి తండ్రి పక్కన నేల మీద కూర్చుంది. ఆయన భుజం మీద అంటుకున్న దారప్పోగు ఒకటి తీసి పారేసింది. నవత చూపు తిప్పుకుంది. ఆమెకు మళ్లీ లాప్‌టాప్ తెరవాలనిపించింది, ఏదో ఒకటి దిద్దాలనిపించింది. దిద్దడానికి అందులో ఏమీ మిగల్లేదు.

"మరి ఆ రాజేశం ఇప్పుడు..." అని ఆమె అడగబోతుండగా గల్లీలో ఆటో ఆగిన చప్పుడైంది.

---

దశరథం ముందుగా లోపలికి రాలేదు. వచ్చింది ఆయన తల్లి బాలవ్వ. ఎనభైకి దగ్గరున్న మనిషి, కర్ర లేదు. ఒక చేత్తో గోడ పట్టుకుని, పరిచిన చీరలు తొక్కకుండా అంచు వెంట నడుస్తూ వచ్చింది. ఎవరినీ పలకరించలేదు. సోమలింగం పక్కనున్న ప్రసన్న దగ్గరికి నేరుగా వచ్చి, ఆమె గడ్డం పట్టుకుని ముఖం వెలుతురు వైపు తిప్పింది.

"నువ్వేనా?"

"అవ్వా..."

"ముక్కు గాదు. ముక్కు మీ అమ్మది. నుదురు సూడు, నుదురు వానిదే." బాలవ్వ ఆమె నుదుటి మీది జుట్టు వెనక్కి తోసింది. "నా మనుమడు మెసేజ్ సదివి ఇనిపిచ్చిండు. ఆడెపు ప్రసన్న రాజేశం. ఇంకోసారి సదువు అన్న. మళ్ల సదివిండు. నా కొడుకుకు బిడ్డ పుట్టిందట, ఇరువై ఆరేండ్లదైందట, నాకు గిప్పుడు ఎరికైంది."

ఒకే మెసేజ్. ఇక్కడ సంబంధం చెడిందని చదివారు. అమ్రోలిలో ఒక ముసలామె మనవరాలు దొరికిందని విన్నది. నవత పొద్దున్నుంచి ఊహించుకున్న తిట్లలో, పరువు మాటల్లో, ఇది లేదు.

గడపలో దశరథం నిలబడ్డాడు. బక్కపలచని మనిషి, చొక్కా గుండీ ఒకటి తప్పుగా పెట్టుకున్నాడు. తొందరగా బయలుదేరి వచ్చాడన్నమాట.

"సోమలింగం," అన్నాడు. "నేను కొట్లాటకు రాలే. ఒక్క ముచ్చట చెప్పు. ఈ పిల్ల మా రాజేశం బిడ్డనా, కాదా? బిడ్డనే అయితే సుమన్‌కు చెల్లె అయితది, లగ్గం మాట ఇడిసిపెట్టి మా ఇంటి పిల్లను మేము దగ్గెర తీస్తం. కాదంటవా, మా తమ్ముని పేరు నీ ఇంట్లకు ఎట్ల వచ్చిందో చెప్పాలె."

"తమ్మీ, గట్టిగ మాట్లాడకు, పిల్ల బెదురుతది," అంది బాలవ్వ కొడుకుతో. కొంగు ముడి విప్పింది. అందులోంచి రెండు పటికబెల్లం ముక్కలు తీసి ప్రసన్న చేతిలో పెట్టి వేళ్లు మూసి, మళ్లీ ఆమె గడ్డం పట్టుకుంది. "తిను బిడ్డా. మా రాజేశంకు చాన ఇష్టం."

ప్రసన్న తండ్రి వైపు చూసింది. నవతా చూసింది. అవును అనడం ఎంత తేలికో ఆమెకు ఆ క్షణం తెలిసింది. కాగితాలన్నీ అవుననే అంటున్నాయి. ఆకుపచ్చ టిక్కు కూడా అవుననే అంటోంది. ఒక ముసలామె ముప్పై ఏళ్ల ఎదురుచూపు తీరుతుంది. పోయేది ఒక పెళ్లి. అంతే కాదు, కన్నతండ్రి అన్న మాట కూడా.

సోమలింగం నిలబడ్డాడు.

"పెద్దమ్మా, ఇది నా బిడ్డ. వేముల సోమలింగం బిడ్డ. కాగితంల ఉన్నది బద్లీ పేరు. రాజేశం జాగల సాంచాల మీద నిలబడ్డది నేను. ముప్పై ఏండ్ల కింద ఊరోడు వచ్చి అడిగితే రోజూ వస్తున్నడు అని గుమాస్తా చెప్పింది నన్ను జూసి. నీ కొడుకు నిన్ను వద్దనుకోలే పెద్దమ్మా. ఆ హాజరీ నీ కొడుకుది కాదు. నాది."

బాలవ్వ చేయి ప్రసన్న గడ్డం మీదే ఉండిపోయింది. కిందికి జారలేదు. కాసేపటికి బొటనవేలితో ఆ పిల్ల బుగ్గ ఒకసారి నిమిరి, అప్పుడు తీసుకుంది. ఇచ్చిన పటికబెల్లం వెనక్కి అడగలేదు.

"గట్లనా," అంది.

భాగీరథి గబగబా కుండలోంచి నీళ్లు ముంచి తెచ్చింది. బాలవ్వ తాగలేదు. గ్లాసు పట్టుకుని నిలబడింది.

"మరి నా కొడుకు ఏమాయె? సచ్చిపోయిండా? సచ్చిపోతే చెప్పు. నేను ఏడ్వ. ఏడ్చుడు ఎప్పుడో అయిపాయె. ఎరికుంటే చాలు."

"లేదు పెద్దమ్మా."

"లేదంటే? ఎరికలేదా, సావలేదా?"

సోమలింగం దశరథం వైపు చూశాడు. చూసి, చూపు మళ్లీ ఆ తల్లి మీదికి తెచ్చుకున్నాడు.

"మీ సుమన్‌కు మా ప్రసన్నను అడుగుమని నాకు చెప్పింది ఎవలనుకున్నవ్? మా ఇంటోళ్లా, సమాజమోళ్లా? రాజేశమే. పోయిన దీపావళికి ముందు నాకు ఎదురుంగ కూసోని చెప్పిండు. మా అన్న కొడుకు మంచోడు, నేను దూరం నుంచి జూస్తున్న, నీ బిడ్డను ఆ ఇంటికియ్యి అన్నడు. ఏడాదికొక్కసారి నేను పోయి కలుస్తుంట. ఎక్కడుంటడో ఎవ్వలికీ చెప్పనని నా బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసిన. ఇగ నా వల్ల కాదు."

"ముప్పై ఏండ్లు!" అంది భాగీరథి భర్తతో. "ఏడాదికొక్కసారి సామాన్ల కోసం పోతున్న అంటే గిదా?"

బాలవ్వ నీళ్ల గ్లాసు జాగ్రత్తగా కిటికీలో పెట్టింది. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుంది. ఆమె వయసు అప్పుడే పదేళ్లు తగ్గినట్టు కనబడింది.

"నడువు," అంది సోమలింగంతో. "బయట ఆటో ఉన్నది. తోలుకపో నన్ను."

"దూరం పెద్దమ్మా."

"ఎంత దూరమైతే ఏంది? నడువు."

రెండడుగులు వేసింది. గడప దగ్గర దశరథం పక్కకు తప్పుకోలేదు. తల్లి వచ్చి ఎదురుగా నిలబడినా తప్పుకోలేదు. ఆయన మొహంలో సంతోషం లేదని నవత అప్పుడు గమనించింది. తమ్ముడు బతికి ఉన్నాడని విన్నవాడి మొహం కాదది. ఎప్పటికైనా తలుపు తడుతుందని ఎదురుచూసిన కబురు ఇవాళ తట్టినట్టు ఉంది.

"జరుగురా," అంది బాలవ్వ.

"అమ్మా, ఆగు. నువ్వు పోయినా వాడు నీ ముందటికి రాడు. ఎందుకు రాడో నాకు ఎరికే." ఆయన వెనక్కి తిరిగి తలుపు దగ్గరగా వేశాడు. గల్లీలో ఆగి చూస్తున్న వాళ్లు కనబడకుండా పోయారు. ఆయన తల్లిని గాని, సోమలింగాన్ని గాని చూడలేదు. పటికబెల్లం ఇంకా గుప్పిట్లో పట్టుకుని ఉన్న ప్రసన్నను చూశాడు.

"వాన్ని ఇంట్ల నుంచి ఎళ్లగొట్టింది నేను. ఎందుకు ఎళ్లగొట్టిననో చెప్త, కూసోండి. అది ఇన్నంక మా ఇంటికి కోడలుగ వస్తవో రావో, గది కాగితం చెప్పేది కాదు, సమాజం చెప్పేది కాదు. నువ్వే చెప్పాలె బిడ్డా."